స్టీల్‌హెడ్‌కి సెంటర్‌పిన్ రీలు: ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి?

బెరియా_బెండు · అక్టోబర్ 6

అందరికీ నమస్కారం. క్లీవ్‌ల్యాండ్ పక్కన బెరియాలో ఉంటున్నాను. రెండేళ్లుగా రాకీ రివర్‌లో స్టీల్‌హెడ్ (సరస్సులోంచి ఏట్లోకి ఎక్కే రెయిన్‌బో ట్రౌట్ చేప) కోసం మామూలు స్పిన్నింగ్ రీలుతోనే బెండు వేస్తున్నాను. మొన్న శనివారం నాకు కాస్త ఎగువన ఒక పెద్దాయన సెంటర్‌పిన్‌తో పడుతున్నాడు. ఆయన బెండు మడుగు మొదట్లో పడి, చివరిదాకా ఎక్కడా తడబడకుండా నీళ్లతో పాటే వెళ్లిపోయింది. రీలు దానంతట అదే తిరుగుతోంది. ఆయన బొటనవేలు అంచు మీద ఆనీ ఆననట్టు ఉంది, అంతే. అదే మడుగులో నేను బెయిల్ (స్పిన్నింగ్ రీలులో లైన్‌ని పట్టి ఉంచే తీగ) తెరిచి లైన్ వదులుతుంటే చుట్టలు చుట్టలుగా జారి, బెండు ఆగుతూ ఆగుతూ పోతోంది. గంటలో ఆయనకి మూడు పడ్డాయి. నాకు ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

అప్పటినుంచి మనసంతా దాని మీదే ఉంది. బడ్జెట్ 200 డాలర్లు, తప్పదంటే 250. వీడియోల్లో రీలుని వేలితో ఒక్క తోపు తోసి, ఇది రెండు నిమిషాలు తిరిగింది, అది మూడు నిమిషాలు తిరిగింది అని చూపిస్తున్నారు. ఎక్కువసేపు తిరిగేదే మంచిదా? అడ్డకొలత నాలుగున్నర అంగుళాలదా, ఐదు అంగుళాలదా? కొన్నాక నూనె, గ్రీజు ఏమైనా వెయ్యాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గోదారి_గాలం · అక్టోబర్ 6

బాబూ, నేను కూడా క్లీవ్‌ల్యాండే. పదిహేనేళ్లుగా సెంటర్‌పిన్ (మేం పిన్ అంటాం) తప్ప ఇంకోటి పట్టుకోలేదు. ముందు ఆ వీడియోలు పక్కన పెట్టు.

సెంటర్‌పిన్ అంటే ఒక ఇరుసు, దాని మీద లైన్ చుట్టే చక్రం, అంటే స్పూలు. లోపల గేర్లు లేవు, డ్రాగ్ (చేప లాగినప్పుడు పట్టే బ్రేకు) లేదు. నువ్వు ఒక చుట్టు తిప్పితే స్పూలు ఒక చుట్టే తిరుగుతుంది. నీళ్లు బెండుని లాగితే బెండు లైన్‌ని, లైన్ స్పూలుని లాగుతాయి. అంటే ఆ స్పూలుని కదిలించాల్సింది నీ వేలు కాదు, ఐదారు గ్రాముల బెండు. ఎంతసేపు తిరుగుతుందనే దానికంటే ఎంత తేలిగ్గా కదులుతుందనేది చూడాలి.

మా అమ్మమ్మ ఇంట్లో తిరగలి ఉండేది. ఊపు అందుకున్నాక చెయ్యి తీసేసినా ఇంకో అర చుట్టు తిరిగేది. కానీ మొదట కదిలించడానికి మా పిల్లలకి రెండు చేతులూ కావాల్సి వచ్చేది. బరువైన స్పూలు కూడా అంతే. ఒకసారి తోస్తే తన బరువుతో తానే చాలాసేపు తిరుగుతుంది, వీడియోకి బాగుంటుంది. ఏట్లో మాత్రం రెండు చోట్ల దెబ్బ కొడుతుంది. నెమ్మది నీళ్లలో బెండు దాన్ని కదిలించలేదు, అక్కడే ఆగిపోయి ఎర పైకి లేస్తుంది. వడి నుంచి బెండు నిమ్మళించిన నీళ్లలోకి దిగినప్పుడు స్పూలు మాత్రం ఆగదు, లైన్ విప్పుకుంటూ పోయి చిక్కుపడుతుంది.

కాబట్టి తేలికైన స్పూలు, మంచి బేరింగులు, వంకర లేని ఇరుసు. ఈ మూడూ చూసి కొను.

చర్ఖా_సికింద్రాబాద్ · అక్టోబర్ 7

అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను మిస్సిసాగాలో ఉంటాను. క్రెడిట్ రివర్‌లో, వీలైతే పోర్ట్ హోప్ దాకా వెళ్లి గనరాస్కాలో పడతాను.

బ్రో, నీకు పతంగులు ఎగరేసిన అలవాటు ఉంటే పిన్ పది రోజుల్లో వచ్చేస్తుంది. సంక్రాంతికి ఢీల్ ఇచ్చేటప్పుడు చర్ఖా రెండు చేతుల్లో వదులుగా పట్టుకుంటాం చూడు, గాలి ఎంత అడిగితే అంతే మాంజా పోతుంది. గట్టిగా పట్టుకుంటే పతంగ్ తల దించుతుంది, మొత్తం వదిలేస్తే మాంజా కింద పడి గుంజ అవుతుంది. పిన్ మీద బొటనవేలు చేసే పని అదే. నేను మొదటిసారి పిన్ పట్టుకున్నప్పుడు మా మేడ మీద అన్నయ్య వెనక చర్ఖా పట్టుకుని నిలబడ్డ రోజులే గుర్తొచ్చాయి.

ఒక్క విషయం గుర్తుంచుకో. బెండుని నీళ్ల కంటే కాస్త నెమ్మదిగా పోనియ్యి. అడుగున ప్రవాహం పైదాని కంటే నెమ్మది. వేలితో కొంచెం ఆపి పెడితే ఎర ముందు, బెండు వెనక పోతాయి. చేప ముందు ఎరనే చూస్తుంది. స్పిన్నింగ్ రీలుతో ఈ ఆపడం చాలా కష్టం. పిన్‌కి పెట్టే డబ్బంతా దీనికోసమే.

ఎర్ర_బెండు · అక్టోబర్ 7

బెరియా గారూ, నేను పెన్సిల్వేనియా ఈరీ నుంచి. మెకానికల్ ఇంజనీర్‌ని, ఎల్క్ క్రీక్, వాల్‌నట్ క్రీక్ నా ఏరులు. దుకాణంలోనో, వాడినది అమ్మేవాళ్ల ఇంటి దగ్గరో రీలు చేతికి వచ్చినప్పుడు నేను ఏం చూస్తానో చెబుతాను.

రీలుని ఇరుసు నేలకి సమాంతరంగా ఉండేలా పట్టుకుని, స్పూలుని చాలా మెల్లగా కదిపి వదిలెయ్యండి. ఆగే ముందు గడియారం లోలకంలా ముందుకీ వెనక్కీ ఊగి, ప్రతిసారీ ఒకే పిడి కిందకి వచ్చి ఆగుతుందా? అయితే బేరింగులు బాగున్నాయి కానీ స్పూలు ఒక పక్కకి బరువుగా ఉంది. కొంచెం ఊగితే ఫర్వాలేదు. బాగా ఊగితే నెమ్మది నీళ్లలో ప్రతి చుట్టుకీ ఒకసారి బెండు తడబడుతుంది. ఊగకుండా టక్కున ఆగిపోతే లోపల గ్రీజు చిక్కగా ఉందని అర్థం, లేదా మట్టి చేరింది. అది కడిగితే పోయే జబ్బు.

తర్వాత స్పూలు అంచుకీ వెనక పలకకీ మధ్య ఉన్న సందుని కంటికి ఎదురుగా పెట్టి తిప్పండి. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే స్పూలు వంగింది, లేదా ఇరుసు వంగింది. అది మాత్రం ఇంట్లో కుదిరేది కాదు. వదిలెయ్యండి. రెండేళ్ల క్రితం నేను ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఒకటి కొన్నాను. మెరుపు చూసి మోసపోయాను. ఎప్పుడో రాయి మీద పడినట్టుంది, అంచు ఒక చోట వెంట్రుక వాసి లోపలికి వంగి ఉంది. ప్రతి చుట్టులో "చిర్ర్" మని రాసుకునేది. అమ్మినాయన డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

చివరిగా చెవి. రీలుని చెవికి ఆనించి తిప్పండి. మంచి బేరింగు సన్నగా గాలి వీచినట్టు వినిపిస్తుంది. ఇసుక ఉంటే గరగర తెలిసిపోతుంది.

సైజు గురించి: స్పూలు నిండుగా ఉన్నప్పుడు నాలుగున్నర అంగుళాలది ఒక చుట్టుకి దాదాపు 14 అంగుళాల లైన్ చుడుతుంది. ఐదు అంగుళాలదైతే పదిహేనున్నర పైనే. నూరు అడుగుల దూరం పోయిన బెండుని వెనక్కి తేవాలంటే చిన్నదానికి 85 చుట్లు పైమాటే. పిడి పట్టి తిప్పక్కర్లేదు, అంచుని అరచేత్తో కిందకి కొడుతూ ఉంటే జర్రున చుట్టుకుంటుంది. మన ఈరీ సరస్సు వైపు ఏరులు చిన్నవి కాబట్టి నాలుగున్నర చాలు.

ట్రెంట్_ఒడ్డు · అక్టోబర్ 8

నాటింగ్‌హామ్ నుంచి నమస్తే. మా దగ్గర స్టీల్‌హెడ్ లేదు. నేను ట్రెంట్ నదిలో చబ్, బార్బెల్ అనే చేపలు పడతాను. అయినా ఈ రీలు పుట్టిల్లు మా ఊరే కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ చెక్కతో చేసిన రీళ్లని నాటింగ్‌హామ్ రీళ్లనే పిలిచేవారు. ఆ తర్వాతే రెడిచ్‌లో ఆల్‌కాక్స్ వాళ్ల ఏరియల్ లాంటివి వచ్చాయి.

అందరూ బేరింగులు అంటున్నారు. బేరింగులే లేని పిన్‌లు కూడా ఉన్నాయి. గట్టి ఉక్కు ఇరుసు, దాని మొన మీద స్పూలు ఆని తిరుగుతుంది. పాతకాలం వాళ్లు దీన్నే అసలు పిన్ అంటారు. బాగా చేసినదైతే సవ్వడే ఉండదు. తుడిచి ఒక చుక్క నూనె వేస్తే తాతల నాటిది కూడా ఇవాళ పనిచేస్తుంది. తుప్పుపట్టే బంతులు లేవు, మార్చాల్సిన భాగాలు లేవు. నా అభిప్రాయంలో మొదటి రీలుగా అదే మేలు.

గోదారి_గాలం · అక్టోబర్ 8

ట్రెంట్ గారూ, మీ మాట మీద గౌరవం ఉంది. అవి చాలా అందమైన వస్తువులు, నా దగ్గరా ఒకటి ఉంది. కానీ మా ఒహాయో సంగతి వేరు. ఇక్కడ ఏట్లో వదిలే స్టీల్‌హెడ్ పిల్లలు ఎక్కువగా మిషిగన్‌లోని లిటిల్ మనిస్టీ నది జాతి. కొన్ని శరత్తులోనే ఎక్కుతాయి, ఎక్కువభాగం చలికాలం చివర, వసంతంలో వస్తాయి. అంటే మా సీజన్‌లో సగం గడ్డకట్టే చలిలోనే. ఇరుసుకీ స్పూలు గొట్టానికీ మధ్య సందు అంత సన్నగా ఉన్నప్పుడు అందులో తేమ చేరి గడ్డకడితే రీలు రాయి అవుతుంది. నాకు జనవరిలో రెండుసార్లు జరిగింది. బేరింగుది కూడా గడ్డకడుతుంది, కాకపోతే వేలితో రెండుసార్లు కదిపితే విడుతుంది. కొత్త పిల్లాడికి బేరింగుదే చెబుతాను.

ట్రెంట్_ఒడ్డు · అక్టోబర్ 8

ఆ చలి నేను చూడలేదు. ఒప్పుకుంటున్నాను.

చర్ఖా_సికింద్రాబాద్ · అక్టోబర్ 9

పేర్లు అడిగే టైమ్ వస్తుంది కాబట్టి నేనే చెప్పేస్తా. నీ బడ్జెట్‌లో ఒకుమా అవెంటా, షెఫీల్డ్ వస్తాయి. రేవెన్ వాళ్లవి మా ఒంటారియోలో ప్రతి ఏటి దగ్గరా కనిపిస్తాయి, వాడినవి దొరికితే చూడు. బ్రిటిష్ కొలంబియాలో చేసే ఐలాండర్, ఇంగ్లండ్ కింగ్‌పిన్ చాలా బాగుంటాయి కానీ నీ బడ్జెట్‌కి రెట్టింపు పైనే. మొదటి రీలుకి అంత అక్కర్లేదు. మిగిలిన డబ్బు రాడ్డు మీద పెట్టు. 13 అడుగుల రాడ్డు లేకుండా పిన్ కొంటే సగం ఉపయోగమే. పొడుగు రాడ్డు లైన్‌ని నీళ్ల పైకి ఎత్తి పెడుతుంది. దానికి తోడు, డ్రాగ్ లేని రీలుకి రాడ్డే స్ప్రింగ్.

బెరియా_బెండు · అక్టోబర్ 20

అందరికీ చాలా థాంక్స్. షెఫీల్డ్ ఒకటి తీసుకున్నాను, నాలుగున్నర అంగుళాలది. ఎర్ర బెండు గారు చెప్పినట్టు ఇరుసు సమాంతరంగా పెట్టి కదిపి చూశాను, కొంచెం ఊగి ఆగింది. సందు సమానంగానే ఉంది.

మూడు రోజులు ఏటికి వెళ్లాను. బెండు నీళ్లతో పాటు పోవడం నా కళ్లతో నేను చూసుకున్నాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ ఒక సమస్య. మూడో రోజుకి లైన్ అంతా మెలి తిరిగిపోయింది. కొంచెం వదులు అవగానే స్ప్రింగులా చుట్టుకుని, ఒక చుట్ట స్పూలు వెనకకి పోయి ఇరుసు దగ్గర ఇరుక్కుంది. స్పూలు విప్పి తీయాల్సి వచ్చింది. లైన్ 8 పౌండ్ల నైలాన్. నేను పక్కకి విసిరే పద్ధతిలో వేస్తున్నాను, రీలు కదలకుండా పట్టుకుని లైన్ స్పూలు మీదనుంచి జారేలా.

ఎర్ర_బెండు · అక్టోబర్ 20

కారణం మీరే చెప్పేశారు. పక్కకి విసిరినప్పుడు స్పూలు తిరగదు. లైన్ స్పూలు ముఖం మీదనుంచి చుట్టలుగా జారుతుంది, జారిన ప్రతి చుట్టకీ లైన్‌లో ఒక మెలి పడుతుంది. తిరిగి చుట్టేటప్పుడు స్పూలు తిరుగుతుంది కాబట్టి ఆ మెలి విడదు, లోపలే ఉండిపోతుంది. రోజుకి వంద సార్లు విసిరితే ఎన్ని మెలికలో చూడండి.

పడిన మెలి తీయడానికి: బెండు, గుళికలు (లైన్‌కి బరువుగా నొక్కే చిన్న గుండ్లు), కొక్కెం అన్నీ తీసేసి, ఉత్త లైన్‌ని మంచి వడిలో ఒక 150 అడుగులు దిగువకి వదిలి రెండు మూడు నిమిషాలు ఉంచండి. చివర స్వేచ్ఛగా ఉంటే దానంతట అదే విచ్చుకుంటుంది. తర్వాత రెండు వేళ్ల మధ్య బిగువుగా పట్టి చుట్టండి. నేను ప్రతి ట్రిప్పు చివర చేస్తాను. మెయిన్ లైన్‌కీ లీడర్‌కీ (కొక్కెం కట్టే చివరి లైన్ ముక్క) మధ్య చిన్న స్వివెల్ (గిర్రున తిరిగే లింకు) పెడితే ఎర తిరగడం వల్ల వచ్చే మెలి తగ్గుతుంది.

గోదారి_గాలం · అక్టోబర్ 21

అసలు మందు వేరే ఉంది, బాబూ. స్పూలు తిరుగుతూ లైన్ ఇచ్చే విధంగా విసరడం నేర్చుకో. ఎడమ చేత్తో రాడ్డు గైడ్ల (లైన్ దూరే రింగుల) మధ్యనుంచి రెండు మూడు పాయలు లాగి పట్టుకుని, రాడ్డు ఊపగానే ఒక్కొక్కటీ వదులు. పాయ లాగినప్పుడు స్పూలు తిరిగే ఇస్తుంది కాబట్టి మెలి పడదు. ముప్పై, నలభై అడుగులకి ఇది చాలు. మన ఏరులో అంతకంటే దూరం వెయ్యాల్సిన పని తక్కువ. మిగతాది నీళ్లే తీసుకెళ్తాయి.

లైన్ వెనక్కి పోయి ఇరుక్కోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. స్పూలు అంచుదాకా నింపేసి ఉంటావు. అంచుకి 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. కింద బ్యాకింగ్ (స్పూలు అడుగు నింపే దారం) చుట్టి, పైన 120 గజాలు మెయిన్ లైన్ ఉంటే సరిపోతుంది. మొత్తం కొత్త నైలాన్‌తో నింపితే లోతుగా ఉన్న చుట్టలన్నీ బిగుసుకుని బరువు పెరగడం తప్ప లాభం లేదు. అల్లిన లైన్ జోలికి పోవద్దు. నీళ్లు పీల్చి గైడ్లలో గడ్డకడుతుంది, చిన్న గాలికే స్పూలు వెనకకి పోతుంది.

బెరియా_బెండు · నవంబర్ 29

మళ్లీ నేనే. పాయలు లాగి వేయడం అలవాటైంది, మెలి సమస్య పోయింది. ఆరు చేపలు పట్టాను, అన్నీ తిరిగి వదిలేశాను. అందులో ఒకటి 29 అంగుళాలు.

ఇప్పుడు కొత్త టెన్షన్. నిన్న ఉదయం ఫారెన్‌హీట్‌లో 24 డిగ్రీలు. రీలు ముందున్నంత హాయిగా కదలడం లేదు. నెమ్మది నీళ్లలో బెండు నిలబడిపోతోంది. వేలితో తోస్తే తిరుగుతుంది, కానీ ఊగకుండా టక్కున ఆగుతోంది. ఇంటికి తెచ్చి వెచ్చబడ్డాక కొంచెం నయం, అయినా కొత్తలో ఉన్నట్టు లేదు. ఇంట్లో డబ్ల్యూడీ-40 ఉంది, లోపల కొట్టెయ్యనా?

గోదారి_గాలం · నవంబర్ 29

వద్దు వద్దు. ఆగు.

ఎర్ర_బెండు · నవంబర్ 29

అన్నగారు చెప్పినట్టు ఆగండి. ఆ స్ప్రే బేరింగుకి నూనెగా నిలవదు. ఉన్న మురికిని కరిగించి లోపలికే పంపుతుంది, తర్వాత ఎండి జిగురు పొర మిగులుస్తుంది.

మీ లక్షణాలు చూస్తే రెండు విషయాలు కలిసినట్టున్నాయి. చాలా బేరింగులు ఫ్యాక్టరీలో గ్రీజుతోనో, చిక్కటి నూనెతోనో వస్తాయి. చలికి అది నెయ్యిలా పేరుకుంటుంది. దానికి తోడు నెలన్నర సన్న ఇసుక. ఒక సాయంత్రం కూర్చుని కడిగేద్దాం. నేను చేసే తీరు రాస్తాను, తొందర లేకుండా చదవండి.

బల్ల మీద ఒక తెల్ల పళ్లెం, అందులో పాత తువ్వాలు. స్పూలు నడుమ ఉన్న మర విప్పి స్పూలు బయటికి తీయండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: బేరింగుకీ మరకీ మధ్య కాగితం అంత పలచని వాషర్లు ఉండవచ్చు. అవి నూనెకి అతుక్కుని స్పూలుతో పాటు వచ్చి ఎక్కడో రాలిపోతాయి. ఒక్కటి పోయినా స్పూలు వెనక పలకకి రాసుకుంటుంది. తీసిన ప్రతి ముక్కకీ ఫోన్‌లో ఫొటో తియ్యండి, వచ్చిన వరసలోనే పళ్లెంలో పేర్చండి.

బేరింగులు చేత్తో వస్తే సరే. రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, లోపలి రింగు మీద ఒత్తిడి పడితే బంతుల దారిలో గుంటలు పడతాయి. అలాగే ఉంచి కడగవచ్చు.

బేరింగు మూత చూడండి. పక్కన చెక్కిన అక్షరాల్లో జెడ్ ఉంటే సాధారణంగా రేకు మూత, ఆర్ఎస్ అంటే రబ్బరు. రేకుదైతే సిగరెట్ లైటర్‌లో పోసే ఫ్లూయిడ్‌లో పది నిమిషాలు నానబెట్టి, చిన్న గాజు సీసాలో వేసి కుదపండి. ద్రవం నల్లబడుతుంది. పారబోసి మళ్లీ పొయ్యండి, తేటగా వచ్చేదాకా. రబ్బరు మూత ఉంటే ఎసిటోన్ అసలు వాడొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సూది మొనతో మూతని మెల్లగా లేపి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. ఏది వాడినా కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చెయ్యండి. అవి భగ్గున అంటుకుంటాయి.

రాత్రంతా ఆరనివ్వండి. గాలి పంపుతో ఊది గిర్రున తిప్పొద్దు. నూనె లేని బేరింగుని అంత వేగంగా తిప్పితే అరిగిపోతుంది.

పొద్దున్న ఒక్కో బేరింగుకి పలచని రీలు నూనె ఒక్క చుక్క. సూది మొనకి వేలాడేంత చుక్క. రెండో చుక్క వెయ్యాలనిపిస్తుంది, వెయ్యొద్దు. ఇరుసుని శుభ్రమైన గుడ్డతో తుడిచి, నూనె అంటిన వేలు ఒకసారి రాస్తే చాలు. గ్రీజు పెట్టాల్సింది ఒక్క చోటే, క్లిక్కర్ (స్పూలు దానంతట అది తిరగకుండా టిక్ టిక్ మంటూ పట్టే మీట) పళ్ల దగ్గర, ఆవగింజంత.

చర్ఖా_సికింద్రాబాద్ · నవంబర్ 30

మా నాన్నకి వరంగల్‌లో సైకిల్ షాపు ఉండేది. బేరింగు గోళీలు కిరోసిన్ గిన్నెలో వేసి కడగడం నా చిన్నప్పటి పని. కడిగిన గోళీని గుడ్డ మీద ఆరబెట్టి వెలుగుకి పెట్టి చూసేవాడు, ఒక్క చుక్క మచ్చ ఉన్నా పక్కన పడేసేవాడు. ఎర్ర బెండు అక్క రాసింది చదువుతుంటే ఆ కిరోసిన్ వాసన ముక్కుకి తగిలింది.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను, ఇంకెవరూ చెయ్యకూడదని. మూడేళ్ల క్రితం నవంబర్‌లో వర్షంలో పట్టి, తడి రీలుని అలాగే మెత్తటి సంచిలో పెట్టి జిప్ వేసి గ్యారేజీలో వదిలేశాను. చలి, పని, ఊరికి వెళ్లి రావడం... ఏప్రిల్ నాలుగో శనివారం మా దగ్గర ట్రౌట్ సీజన్ తెరుస్తారు, ఆ ముందురోజు రాత్రి సంచి తెరిచాను. స్పూలు తిరగలేదు. విప్పితే బేరింగు చుట్టూ ఎర్రటి బురద, ఇరుసు మీద రెండు తుప్పు వలయాలు. కడిగినా గరగర పోలేదు. కొత్త బేరింగులు వేశాను, ఇరుసు మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. అప్పటినుంచి ఇంటికి రాగానే స్పూలు విప్పి, రెండూ విడివిడిగా తువ్వాలు మీద రాత్రంతా పెడతాను. సంచిలో పెట్టేది మర్నాడే.

బేరింగు మార్చాల్సి వస్తే దాని మీద చెక్కిన అంకె రాసుకో. ఆ అంకెలోనే కొలత ఉంటుంది. ఉదాహరణకి స్కేటు చక్రాల్లో వచ్చే 608 అంటే లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయట 22, మందం 7. నీదానిలో ఏ అంకె ఉంటే అదే తెప్పించుకో, కంటి కొలతకి పోవద్దు.

గోదారి_గాలం · నవంబర్ 30

చలిలో ఏటి దగ్గర కూడా కొన్ని ఉన్నాయి. రీలుని నీళ్లలో ముంచొద్దు. చేపని వదిలేటప్పుడు అందరం వంగుతాం, రాడ్డు మడమ చంకలో పెట్టుకుంటాం, రీలు నీళ్లలో మునుగుతుంది. బయటికి రాగానే స్పూలుకీ పలకకీ మధ్య నీటి బొట్టు గడ్డకడుతుంది. రాడ్డుని ఒడ్డు మీద ఆనించి, చేపని చేతి వలలో నీళ్లలోనే ఉంచి, రెండు చేతులతో వదులు. చేపకీ మంచిది, రీలుకీ మంచిది. కంకర మీద, ఇసుక మీద మాత్రం రీలు పెట్టొద్దు. పడిన మాను మీదనో, గడ్డి మీదనో పెట్టు.

గడ్డకడితే బలవంతంగా తిప్పకు. చేతి తొడుగు తీసి అరచెయ్యి రెండు నిమిషాలు కప్పి ఉంచు.

నడిచేటప్పుడు క్లిక్కర్ వేసుకో. ఒడ్డు మారేటప్పుడు స్పూలు దానంతట అది తిరిగి లైన్ కాళ్లకి చుట్టుకోవడం నేను చాలా చూశాను. బెండు వేసే ముందు తీసెయ్యడం మర్చిపోకు.

బెరియా_బెండు · డిసెంబర్ 2

ఒక ప్రశ్న. కడిగాక బాగైందో లేదో ఎలా తెలుస్తుంది? చేతికి బాగున్నట్టే అనిపిస్తుంది కదా ఎప్పుడూ.

ఎర్ర_బెండు · డిసెంబర్ 2

మంచి ప్రశ్న అడిగారు. రీలుని రాడ్డుకి కాకుండా బల్ల అంచుకి బిగించండి, ఇరుసు సమాంతరంగా. లైన్ ఒక అడుగు కిందకి వేలాడదీసి, చివర బీబీ సైజు గుళిక ఒకటి కొరికించండి. అది 0.4 గ్రాములు. స్పూలు కదిలిందా? లేకపోతే రెండోది. ఎన్ని గుళికలకి కదిలిందో చిన్న చీటీ మీద తేదీతో రాసి రీలు వెనక అంటించండి. ఇదే లెక్కని నెలనెలా చూసుకుంటే రీలు ఎప్పుడు బిగుస్తోందో మీకే తెలుస్తుంది. వేరేవాళ్ల రీలుతో పోల్చొద్దు, మీ రీలుని దాని పాత లెక్కతోనే పోల్చండి. ఒకసారి గదిలో, ఒకసారి వరండాలో చలికి అరగంట పెట్టాక చూడండి. రెండింటికీ తేడా పెద్దగా ఉంటే నూనె ఇంకా చిక్కగానే ఉందని అర్థం.

బెరియా_బెండు · డిసెంబర్ 8

చేశాను. కడగక ముందు గదిలో నాలుగు గుళికలు, వరండాలో ఏడుకి కూడా కదల్లేదు. లైటర్ ఫ్లూయిడ్ మూడుసార్లు మార్చాను. మొదటిది టీ డికాక్షన్‌లా వచ్చింది, మూడోది తేటగా. ఒక వాషర్ నిజంగానే స్పూలుకి అతుక్కుని వచ్చింది. తెల్ల పళ్లెం లేకపోతే కనిపించేది కాదు. ఒక్కో చుక్క నూనె వేశాక గదిలో ఒక్క గుళికకే కదిలింది, వరండాలో రెండుకి. చీటీ రాసి అంటించాను.

నిన్న శనివారం నది ప్రవాహం కొలిచే బెరియా గేజీ 300 క్యూసెక్కులకి దిగింది, నీళ్లు పచ్చగా, అడుగున్నర లోతుదాకా కనిపిస్తున్నాయి. మొదట నేను ఆ పెద్దాయనని చూసిన మడుగుకే వెళ్లాను. ఎరగా చేప జన (గుడ్ల) మూట, నాలుగడుగుల లోతు, లైన్ మీద గుళికలు పైన దగ్గరగా కిందకి ఎడంగా. మడుగు తోకలో, ఎప్పుడూ నా బెండు నిలబడిపోయే చోట, ఈసారి నిలబడలేదు. వేలు ఆనించి కాస్త పట్టాను. నారింజ మొన పక్కకి ఒరిగి మెల్లగా మునిగింది. రాడ్డు ఎత్తగానే రీలు పిడులు కనిపించనంత వేగంగా తిరిగాయి. మీరు చెప్పినట్టు పిడి జోలికి పోకుండా అంచు మీద అరచెయ్యి ఆనించాను. వంపు దాటి పోయింది, నేను ఒడ్డు వెంట నడిచాను. ఎనిమిది పది నిమిషాలకి వలలోకి వచ్చింది. మగ చేప, బుగ్గలు ఎర్రగా, దవడ కొంచెం వంకీ తిరిగి ఉంది. నీళ్లలోనే ఉంచి వదిలేశాను. రీలు తడవలేదు.

ఇంకో సందేహం. ఆ పరుగులో రాడ్డు ఒక బండకి తగిలింది. ఇంటికి వచ్చి చూస్తే స్పూలు అంచు మీద చిన్న గంటు, గోరుకి తగులుతోంది. లైన్ తెగుతుందా?

గోదారి_గాలం · డిసెంబర్ 8

చాలా సంతోషం బాబూ. ఆ మడుగు తోకలోనే నా మొదటి చేప కూడా పడింది.

గోరుకి తగిలితే లైన్‌కీ తగులుతుంది. దూది ముక్క తీసుకుని అంచు చుట్టూ తిప్పు, పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ గరుకు ఉంది. స్పూలు విప్పి, బేరింగుల మీద టేపు అంటించి పొడి లోపలికి పోకుండా చూసుకో. 1000 నంబరు తడి ఎమిరీ కాగితంతో గంటు పొడవునా మెల్లగా రుద్దు, తర్వాత 2000. అడ్డంగా రుద్దొద్దు. దూది జారిపోయేదాకా చాలు, గంటు పూర్తిగా పోయేదాకా అరగదీయకు. అయ్యాక పై ఇరవై గజాల లైన్‌ని వేళ్ల మధ్య లాగి చూడు. ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడిదాకా కోసి పారెయ్.

వచ్చే శనివారం ఏడింటికి నేను అక్కడే ఉంటాను. ఆ చీటీ అంటించిన రీలు తీసుకురా, చూద్దాం.